బిళ్ల నంబరు

బల్లార్షాల రాత్రి తొమ్మిది దాటినా
గోడలు ఇంక వేడి కక్కుతనే ఉంటయి.
పేపరు మిల్లు మీదికెళ్లి పులిసిన గాలి వస్తది.
కూలర్ల నీళ్లయిపోయి ఉత్త రెక్కలు కొట్టుకుంటయి.
నేను ఎల్లెలకల పండుకుంట,
చేతులు పక్కలకు వదిలేసి,
అరచేతులు పైకి.
ఓదెక్క అంటది:
"ఇంత సక్కగ పండుకున్నవు, పూలదండ ఒక్కటే తక్కువ."

నవ్వొస్తే లెక్క తప్పుతది.
మళ్ల ఒకటి కాడికెళ్లి.

లెక్క నేర్పింది చంద్రపూర్ దవాఖాన్ల గేడాం సిస్టరు.
ముప్పై ఒక్క ఏండ్ల బొగ్గు
నా ఛాతీల కిరాయికి దిగి ఖాళీ చెయ్యనంటే
ఆమె ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, ఏమనక,
నా కడుపు మీద చెయ్యి పెట్టింది.
"శ్వాస్ ఘ్యా." నాలుగు.
ఆగు.
"శ్వాస్ సోడా." ఎనిమిది.
సోడా అంటే మరాఠీల వదలమని.
నాకేమో సీసాల గోలీ యాదికొచ్చింది.
అప్పటి సంది అట్లనే వదులుత,
మెడకాడ గోలీ పక్కకు జరిగి
సన్నగ, ఈల లెక్క,
లోపటి గ్యాసంత పోయేదాక.

ఆమె ఊపిరి వరకే నేర్పింది.
మిగిలింది నేనే దొరకబట్టిన.

ముందు పాదాలు పోతయి,
బూట్లు విప్పి గూట్లె పెట్టినట్టు.
తర్వాత మోకాళ్లు, నడుము.
చేతులు ఆఖరుకు పోతయి;
పనిచేసినయి గద, తొందరగ నమ్మవు.
రెప్పల లోపట మెరుగులు,
తడి బొగ్గు పెళ్ల మీద దీపం పడ్డట్టు.
అప్పుడు గంట మోగుతది. మూడు కొట్లు:
మనుషులు దిగుతున్నరని.
మంచం కింద నేల జారుతది.

ఇక్కడనే అందరు తప్పిపోతరు.
నిద్ర ఒక్క తోపు తోస్తది, దీపం ఆరుతది,
పొద్దుగాల ఏమీ యాదికుండది.
నేను దీపం ఆరకుంట దిగుడు తెలిసినోణ్ణి.
భయపడితే బోను ఆగుతది. ఉరికినా ఆగుతది.
చెవుల రైలు పోయినట్టైతది,
ఛాతీ మీద ఎవరో కూసున్నట్టైతది.
కూసోనీ.
ఎనిమిది దాక వదులు.

అడుగు తగిలినంక
జేబుల బిళ్ల తీసి చూస్త.
ఇత్తడి బిళ్ల, నాలుగు వందల పదిహేడు.
తల తిప్పి మళ్ల చూస్తే ఏడు వందల పద్నాలుగు.
ఇంకోసారి చూస్తే నంబరే కాదు, చీమలు.
బాయిల బిళ్ల ఎన్నడు అబద్ధమాడలే.
అయితే ఇది కల.
నేను మెలకువతోనే ఉన్న.

మొదటి దినాలల్ల ఎగిరిన, దాసుడెందుకు,
గబ్బిలం లెక్క, సొరంగం పొడుగూత.
ఒకపారి పైకప్పును చేత్తోటి నెట్టి
వర్ధా నదిని లోపటికి తెచ్చిన.
బొగ్గు గోడల పొంటి చేపలు తిరిగినయి.
ఒక్క దగ్గు రాలే.

తర్వాత ఎగురుడు బంద్ చేసిన.
పన్నెండో నంబరు పనిచోటుకు నడిచే పోత.
అక్కడ దుర్గం పోశం ఉంటడు,
టోపీ బోర్లించి దాని మీద కూసోని,
కప్పు కూలకముందటి పోశం.
ఒకనాడు అడిగిన:
"అప్పుడు ఏమని ఒర్రినవ్‌రా?
టబ్బుల సప్పుడుల ఇనబడలే."
వాడు నోరు తెరిచిండు.
నా గొంతు వచ్చింది.

వాడు చెప్పేదంత నాకు తెలిసిందే.
నాకు తెల్వంది వానికీ తెల్వది.
బిళ్ల తీసి చూసిన. చీమలు.

మళ్ల అడగలే.
పక్కకు పోయి కూసుంట. వాడు తంబాకు నలుపుతడు,
ఎప్పటి లెక్కనే సున్నం ఎక్కువేస్తడు.
రాత్రి వానికి ఊపిరి నేర్పిన.
నాలుగు తీసుకున్నడు. ఆగిండు.
"ఇగ సోడా" అన్న.
"గోలీదా, కలర్‌దా?" అని
ఎగపోసుకుంట నవ్విండు పోశం.
ఆ మాట నేను అనుకోలే.
ఒట్టు, నేను అనుకోనే లేదు.

నాకూ నవ్వొచ్చి
లెక్క తప్పింది.

ఓదెక్క కూలర్ల నీళ్లు పోస్తున్నది.